గాలం కర్రకు ఎండ వద్దు.. తిప్పుడే ముద్దు

కూలరు మోటారు, చెక్క ముక్కలు, పైపు మూత చాలు.. ఐదొందల లోపే ఆరబెట్టే యంత్రం

జీడిమెట్ల: ఆదివారం పొద్దున ఫాక్స్‌సాగర్ కట్ట మీదికి వెళ్ళి చూడండి. ఊళ్ళో పాతవాళ్ళు జీడిమెట్ల చెరువు అనేది దీన్నే. కట్ట మీద గాలాలు వేసుకుని కూచున్నవాళ్ళు కనిపిస్తారు. ఒకప్పుడు గాలమంటే వెదురు కర్ర, నైలాన్ దారం, జొన్న బెండు, ముల్లు.. అంతే. ఇప్పుడు చాలామంది చేతుల్లో ఫైబరు కర్రలు. దానికో రీలు, కర్ర పొడుగునా దారం పోయే రింగులు. వెదురు కర్ర విరిగితే ఇంకోటి కోసుకుంటాం. ఫైబరు కర్రకు రింగు ఊడితే మాత్రం దాన్ని బాగుచేసేవాణ్ణి వెతుక్కోవాలి. అలాంటివాళ్ళు తక్కువ.

ఈ పని రైతుకు పనికొస్తుందా అని మీరు అడగొచ్చు. వస్తుంది. పొలంలో పని లేని రోజుల్లో, నీడన కూచుని, చేతి నేర్పుతో చేసే పని ఇది. అయితే ఒక చోట చాలామంది దెబ్బ తింటారు. అది తెలియక నష్టపోయిన ఒక రైతు సంగతి ముందు చెప్తాను.

మేడ్చల్ వైపు ఎకరం పొలమున్న ఈ రైతు నాకు పదేళ్ళుగా తెలుసు. పాలకూర, కొత్తిమీర, ఒక మూలన టమాటా వేస్తాడు. చెయ్యి చక్కటిది. మంచం నవారు అల్లినా, నాగలి మేడి చెక్కినా చూడముచ్చటగా ఉంటుంది. ఒక వేసవిలో నగరం నుంచి వచ్చే గాలపువాళ్ళ కర్రలు రెండు తీసుకున్నాడు. రింగు పెట్టి దారం చుట్టడం కుదిరింది. దారం మీద లేపనం పూయడమూ కుదిరింది. పూసిన కర్రను తీసుకెళ్ళి వాకిట్లో ఎండకు గోడకు ఆనించాడు.

"గింత మంచిగ కట్టిన సారూ. ఎండల వెడితె జల్ది ఆరుతది అనుకున్న. పొద్దుగూకినంక చూస్తె లేపనమంత ఒక్క దిక్కే కారి బొట్లు బొట్లు గట్టింది" అని చూపించాడు. రింగుకు పైన దారం బోడిగా ఉంది. కింద గడ్డ కట్టి, గాజు బొట్టులా వేలాడుతోంది. గీకితే దారం తెగుతుంది. గీకకపోతే కర్ర వంకర బరువు. కర్ర యజమాని ఒప్పుకోలేదు. మూడొందల కూలి మాట అటుంచి, చేతి నుంచి వెయ్యి రూపాయలు కట్టాల్సి వచ్చింది. ఆ వారం అమ్మిన టమాటా పైసలన్నీ దానికే సరి.

తప్పు ఆయన చేతి పనిలో లేదు. మనం మిర్చి ఎండబెడతాం, పసుపు ఎండబెడతాం, వడియాలు ఎండబెడతాం. ఆరాలంటే ఎండ అనేది మన రక్తంలో ఉంది. గాలం కర్ర లేపనానికి మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు. దీనికి కావలసింది ఎండ కాదు. ఆగకుండా మెల్లగా తిరుగుతూ ఉండటం.

ఆరడం కాదు.. గట్టిపడటం

ఆ లేపనం పేరు ఎపాక్సీ. రెండు సీసాల్లో వస్తుంది. ఒకటి జిగురు, రెండోది దాన్ని గట్టిపరిచే మందు. పగిలిన వస్తువులు అతికించే అరాల్‌డైట్ చూశారు కదా, అదే జాతి. కాకపోతే ఇది పల్చగా, గాజులా తేటగా ఉంటుంది.

తడి బట్ట ఆరితే అందులోని నీళ్ళు గాలిలో కలుస్తాయి. ఎపాక్సీలో ఆవిరైపోయే నీళ్ళు లేవు. రెండు సీసాల మందులు ఒకదానితో ఒకటి కలిసి లోపల్లోపల ముడిపడి గట్టిపడతాయి. దానికి గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ అది తేనెలా ఉంటుంది. తేనె ఊరుకుంటుందా? కిందికి జారుతుంది. ఎండలో పెడితే మొదట ఇంకా పల్చబడి మరింత తొందరగా జారుతుంది. మేడ్చల్ రైతు వాకిట్లో జరిగింది ఇదే.

మరి జారకుండా ఎట్లా? కర్రను అడ్డంగా పడుకోబెట్టి తిప్పుతూ ఉంటే సరి. ఇప్పుడు కిందున్న వైపు కాసేపట్లో పైకి వస్తుంది. జారబోయిన లేపనం బొట్టయ్యేలోపే వెనక్కి మళ్ళుతుంది. కల్లంలో మిరపకాయల్ని తిరగెయ్యకపోతే అడుగు పొర ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడ తిరగెయ్యడం నిమిషానికి ఐదారు సార్లు జరగాలి, అంతే తేడా.

నిమిషానికి 5 నుంచి 10 చుట్లు చాలు. 5 చుట్లంటే ఒక చుట్టుకు 12 సెకన్లు. ఆరు గంటల్లో కర్ర 1,800 సార్లు తిరుగుతుంది. అంతసేపు చేత్తో ఎవరు తిప్పగలరు? అందుకే మోటారు. మరీ జోరుగా తిరిగే మోటారు పనికిరాదు. ఫ్యాను మోటారు, కుట్టుమిషను మోటారు పెడితే లేపనం చిమ్ముతుంది.

మోటారు ఎక్కడ దొరుకుతుంది?

విదేశాల్లో ఈ పనికని యంత్రాలు అమ్ముతారు. మనకు అక్కర్లేదు. మన ఇళ్ళల్లోనే ఆ మోటారు ఉంది.

ఎయిర్ కూలరులో గాలిని అటూ ఇటూ మళ్ళించే రెక్కలుంటాయి కదా. వాటిని ఆడించేది అరచేతిలో పట్టేంత చిన్న మోటారు. కూలరు రిపేరు దుకాణంలో 'స్వింగ్ మోటారు' అంటే ఇస్తారు. 230 వోల్టుల ఇంటి కరెంటు మీదే నడుస్తుంది. నాలుగు వాట్ల దాకా తీసుకుంటుంది, అంటే రాత్రంతా నడిచినా మీటరు కదిలినట్టు తెలియదు. గుడ్లు పొదిగే ఇంక్యుబేటరులో గుడ్లను మెల్లగా తిప్పేదీ చాలావరకు ఇలాంటి మోటారే. నాటుకోళ్ళు పెంచేవాళ్ళు చూసే ఉంటారు.

మోటారు మీద అచ్చు వేసిన అంకెలు చదవండి. 5/6 అని ఉంటే మన దేశపు 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 5 చుట్లు, 60 హెర్ట్జ్ దేశాల్లో 6 చుట్లు తిరుగుతుందని అర్థం. 2.5/3 అని ఉంటే ఇంకా నెమ్మది. 5/6 ది తీసుకోండి. వోల్టులు 220-240 అని ఉండాలి. చూడటానికి ఇలాగే ఉండి 21 వోల్టులు, 30 వోల్టులు అని రాసినవీ ఉంటాయి. వాటిని నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతాయి.

మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్ళెం తిప్పేదీ ఇదే రకం మోటారు. అయితే పాత ఓవెన్‌ను మీరు మాత్రం విప్పొద్దు. అందులోని కెపాసిటరు ప్లగ్గు తీశాక కూడా ప్రాణం తీసేంత కరెంటు దాచుకుంటుంది. రిపేరు చేసేవాణ్ణే మోటారు తీసిమ్మనండి.

ఇంకో సంగతి. ఈ మోటారు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మొదలవుతుంది. చెడిపోయిందని తిరిగి ఇచ్చెయ్యకండి. దాని తీరే అంత. మన పనికి ఎటు తిరిగినా ఒకటే.

కావలసిన సామాను

మోటారు ఒకటి. రెండంగుళాల పీవీసీ పైపు మూత ఒకటి. ఒకటిన్నర అంగుళం బోల్టులు మూడు, వాటికి నట్లు. నాలుగడుగుల పలక ఒకటి. మోటారు బిగించడానికి ఒక చెక్క, కర్రను మోయడానికి మూడు చెక్కలు, అన్నీ ప్లైవుడ్ ముక్కలే. మెత్తటి ఫెల్టు గుడ్డ. మూడు మీటర్ల వైరు, స్విచ్చి, ప్లగ్గు.

నాకు అయిన ఖర్చు ఇదీ: మోటారు 180, పైపు మూత 30, వైరు 60, స్విచ్చి, ప్లగ్గు, డబ్బా కలిపి 90, బోల్టులు 30, ఫెల్టు 40. మొత్తం 430 రూపాయలు. చెక్క ముక్కలు వడ్రంగి దగ్గర ఊరికే దొరికాయి. మీ దగ్గర ధరలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. జీడిమెట్ల, బాలానగర్ వైపు పాత సామాను అమ్మే కొట్లలో వెతికితే ఇంకా తక్కువకే పడొచ్చు.

కట్టే పద్ధతి

ముందు కర్రను పట్టుకునే 'గిన్నె' చేసుకోవాలి. పైపు మూత నడిమధ్యలో మోటారు ఇరుసు పట్టేంత బెజ్జం వెయ్యండి. మూత అంచు చుట్టూ సమాన దూరంలో మూడు బెజ్జాలు వేసి మూడు బోల్టులు లోపలికి బిగించండి. మూడూ మధ్యలోకి వచ్చి కర్ర మొదలును పట్టుకుంటాయి. బోరుబావిలో పైపును క్లాంపు పట్టుకున్నట్టు అనుకోండి. కర్ర మొదలుకు ముందుగా గుడ్డ చుట్టండి. బోల్టు మొన నేరుగా ఫైబరుకు తగిలితే గీత పడి అక్కడే విరుగుతుంది.

మూతను మోటారు ఇరుసుకు అరాల్‌డైట్‌తో అతికించి ఒక రోజు వదిలెయ్యండి. జిగురు మోటారు లోపలికి కారకుండా చూసుకోండి.

మోటారును నిలువు చెక్కకు దాని చెవుల దగ్గర రెండు మరలతో బిగించి, ఆ చెక్కను పలక ఒక చివర నిలబెట్టండి. మిగతా మూడు చెక్కల పైభాగంలో కొడవలి వంపులా గాడి తీసి, గాడిలో ఫెల్టు అతికించండి. కర్ర ఆ గాడుల్లో పడుకుని తిరుగుతుంది. బరువంతా గాడులు మొయ్యాలి, మోటారు తిప్పడం వరకే చెయ్యాలి. బరువు మోటారు మీద పడితే అందులోని చిన్న పళ్ళ చక్రాలు అరిగిపోతాయి.

గాడి చెక్కల్ని పలకకు మేకులతో కొట్టెయ్యకండి. అటూ ఇటూ జరిపేలా ఉండాలి. ఒక్కో కర్రకు రింగులు ఒక్కో చోట ఉంటాయి. లేపనం పూసిన చోటు గాడిలో పడకూడదు కదా.

ఇక అన్నిటికన్నా ముఖ్యం మట్టం. కర్ర ఒక పక్కకు వాలితే ఎంత తిప్పినా లేపనం వాలు వైపే నడుస్తుంది. మేస్త్రీ రసమట్టం ఉంటే పెట్టి చూడండి. లేకపోతే సన్నటి తేట గొట్టంలో నీళ్ళు నింపి రెండు చివరలా మట్టం చూసుకోండి. పొలం చదును చేసేటప్పుడు చూసే మట్టమే ఇది. కర్ర మొదలు లావు, కొన సన్నం కాబట్టి, కొన వైపు గాడి కింద సన్నటి చీలికలు పెట్టి ఎత్తు సరిచెయ్యాలి.

అంతా అయ్యాక లేపనం పూయకుండా అరగంట ఉత్తగా తిప్పండి. కర్ర ఊగుతోందా, గాడిలోంచి ఎగురుతోందా చూడండి. ఊగితే మూడు బోల్టుల్లో ఒకటి ఎక్కువ బిగిసిందన్నమాట.

లేపనం కలపడంలోనే కిటుకు

పురుగుమందు పాలు తప్పితే పంటకు ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇక్కడా అంతే. గాలం కర్రల లేపనాలు ఎక్కువగా సగం సగం కలిపేవి. బొమ్మలు, పళ్ళేల కోసం అమ్మే ఎపాక్సీలు కొన్ని రెండుకు ఒకటి, మూడుకు ఒకటి ఉంటాయి. సీసా మీద ఏది రాసి ఉంటే అదే ప్రమాణం. గట్టిపరిచే మందు కాస్త ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందని అనుకోకండి. పాలు తప్పితే ఎన్నాళ్ళయినా జిడ్డుగానే ఉంటుంది.

కొలతకు రెండు సిరంజీలు వాడండి. దేని సిరంజి దానికే, గుర్తు పెట్టుకోండి. రబ్బరు తలకు సిలికాన్ నూనె రాసిన సిరంజీలు వద్దు. ఆ నూనె కలిస్తే పూత మీద చేపకన్నులాంటి గుంటలు పడతాయి. రబ్బరు లేని ప్లాస్టిక్ సిరంజి మంచిది.

రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా కలపండి. మజ్జిగ చిలికినట్టు కొడితే బుడగలు నిండుతాయి. కలిపాక లోతు గిన్నెలో ఉంచొద్దు. కలిసేటప్పుడు అది వేడి పుట్టిస్తుంది. గుట్టగా ఉంటే ఆ వేడికి నిమిషాల్లోనే గడ్డకట్టేస్తుంది. అల్యూమినియం రేకు మీద పల్చగా పరిస్తే పూయడానికి టైము దొరుకుతుంది.

మోటారు తిరుగుతుండగానే కుంచెతో దారం మీద పూయండి. పల్చటి పూత చాలు. బుడగలు కనిపిస్తే స్పిరిటు దీపం మంటను కింద నుంచి ఒక్క క్షణం అలా తిప్పి తీసెయ్యండి. నిలపొద్దు, దారం మాడుతుంది. పది నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. ఎక్కడైనా బొట్టు కడుతుంటే కుంచెతో తీసెయ్యడానికి అదే అదును. తర్వాత ఇక ముట్టుకోకూడదు.

మొదటి నాలుగు గంటలు తిప్పడం అసలు ఆగకూడదు. ఆరు నుంచి ఎనిమిది గంటలు తిప్పితే మంచిది. ఒక రోజు కదపకుండా ఉంచండి. చేతికి అంటకపోయినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. సీసా మీద రాసిన గడువు నిండాకే కర్రను నీళ్ళకు తీసుకెళ్ళాలి. తొందర పెట్టే గిరాకీకి ఇదే మాట చెప్పండి.

కరెంటు పోతే?

మన దగ్గర ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ఇదే. సాయంత్రం పూసి పెట్టాం, గాలివాన వచ్చి కరెంటు పోయింది. అప్పుడేం చెయ్యాలి?

మీ ఇంట్లో బ్యాటరీ స్ప్రేయరు ఉందా? అందులో 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, చాలావాటిలో 8 ఆంపియర్ అవర్ది. 12 వోల్టుల గేరు మోటారు, నిమిషానికి 10 చుట్లది, కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్ దుకాణాల్లో అడగండి. అది 0.2 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. 8ని 0.2తో భాగిస్తే 40 గంటలు. బ్యాటరీ పాతబడి సగమే పట్టినా ఒక రాత్రి నిశ్చింతగా గడుస్తుంది. మందు కొట్టని రోజుల్లో ఊరికే పడుండే బ్యాటరీకి ఇదొక పని. అయితే కూలరు మోటారును బ్యాటరీకి తగిలిస్తే తిరగదు. అది ఇంటి కరెంటు మోటారు. దేనికి అదే.

ఆ ఏర్పాటు లేనివాళ్ళు కరెంటు పోగానే మూడు బోల్టులు వదులు చేసి, రెండు మూడు నిమిషాలకోసారి కర్రను సగం చుట్టు తిప్పుతూ కూచోవాలి. లేపనం చిక్కబడి కదలడం మానేదాకా ఇదే పని. బోల్టులు వదులు చెయ్యకుండా బలవంతంగా తిప్పితే మోటారు పళ్ళు విరుగుతాయి. నేను విరగ్గొట్టుకున్న మొదటి మోటారు అలాగే పోయింది.

ఒక్క రింగు బాగుచేసుకోవడానికైతే ఈ యంత్రమూ అక్కర్లేదు. రెండు కుర్చీల మీద కర్ర పెట్టి చేత్తో తిప్పుకుంటూ టీవీ చూడండి. రెండో కర్ర, మూడో కర్ర వచ్చినప్పుడే యంత్రం అవసరం.

కాలాన్ని బట్టి కాపు

వానాకాలం తేమకు పూత పైన తెల్లటి మసక, జిడ్డు పొర వస్తుంది. ముసురు రోజుల్లో పని పెట్టుకోవద్దు. చలికాలం తెల్లవారుజామున లేపనం మొండికేస్తుంది. సీసాలను కాసేపు గోరువెచ్చని నీళ్ళలో నిలబెడితే పల్చబడుతుంది, లోపలికి నీటి చుక్క పోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో కలిపిన లేపనం చూస్తుండగానే గట్టిపడుతుంది. కొంచెం కొంచెమే కలుపుకోండి.

దుమ్ము ఇంకో శత్రువు. ఫ్యాను కింద, పశువుల కొట్టం పక్కన పెట్టకండి. పెద్ద అట్టపెట్టెను బోర్లించి కప్పండి. మోటారు మాత్రం బయట ఉండాలి, దానికి గాలి తగలాలి. నడిచే మోటారు కాస్త వెచ్చబడటం మామూలే.

వెదురుకూ ఎండ గిట్టదు

ఫైబరు కర్రలు ఇటీవలివి. అమెరికాలో షేక్‌స్పియర్ అనే కంపెనీ 1940లలో గాజునార కర్రలు తెచ్చింది. కార్బన్ కర్రను 1973లో ఫెన్‌విక్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. అంతకుముందు దొరల గాలాలు కూడా వెదురువే. చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెరిగే టోంకిన్ వెదురును ఆరు బద్దలుగా చీల్చి అతికించి చేసేవాళ్ళు. ఇప్పటికీ అలా చేసేవాళ్ళున్నారు.

మన గట్ల మీద వెదురు ఉంటే దాన్నీ వదలొద్దు. మూడేళ్ళు ముదిరిన గట్టి కర్రను నీళ్ళు తక్కువగా ఉండే కాలంలో కోసి, నీడన నిలబెట్టి ఆరనివ్వాలి. ఎండలో పడేస్తే పగుళ్ళిస్తుంది. చూశారా, ఇక్కడా ఎండ పనికిరాదు. రింగులు లేని వెదురు కర్రకు పల్చటి వార్నిష్ రెండు మూడు పూతలు వేసి నిలువుగా వేలాడదీస్తే చాలు. ఒక్కో పూత పల్చన కాబట్టి జారదు. మందంగా ఒకే పూత వేసే ఎపాక్సీకే తిప్పే యంత్రం కావాలి.

అడవి బయట పెంచిన వెదురును చెట్ల లెక్కలోంచి తీసేస్తూ 2017 నవంబరులో ఆర్డినెన్సు వచ్చింది, మరుసటి ఏడాది అది చట్టమైంది. అంతకుముందు సొంత గట్టు మీది వెదురు కోసినా అటవీ చట్టం భయం ఉండేది.

లెక్క ఎలా ఉంటుంది?

దీన్ని నమ్ముకుని సేద్యం మానమని నేను చెప్పను. నెలకు ఇంత వస్తుందని ఆశ కూడా పెట్టను. గాలం వేసేవాళ్ళు మీ చుట్టుపక్కల ఉంటేనే గిరాకీ. ముందు చెరువు కట్టల మీద నాలుగు ఆదివారాలు తిరిగి చూసుకోండి. ఎవరి కర్రకు ఏం ఊడింది, బాగుచేయిస్తారా అని మాటల్లో అడగండి. ఆ తర్వాతే చేతి నుంచి 430 తియ్యండి. అసలు ఖర్చు లేపనం సీసాలది. విప్పిన సీసా ఏళ్ళ తరబడి ఉంచితే రంగు తిరుగుతుంది. చిన్నవే కొనండి.

పని తీసుకునేటప్పుడే కర్ర మీది పాత గీతలు, పగుళ్ళు యజమానికి చూపించండి. "ఇది ముందే ఉంది" అని ఆ రోజే ఒప్పించుకోవాలి. తర్వాత చెప్తే సాకు అంటారు.

కర్ర చేసినంత మాత్రాన చెరువు మనది కాదు. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది. తెలంగాణ ప్రభుత్వం 2016లో చేపపిల్లల పంపిణీ మొదలుపెట్టిందీ ఆ మత్స్యకారుల బతుకు కోసమే. మీ గిరాకీలకు కూడా సంఘాన్ని అడిగే గాలం వెయ్యమని చెప్పండి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

* గట్టిపరిచే మందు చర్మానికి తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి. చేతితొడుగులు వేసుకోండి. గాలి ఆడేచోట కూచోండి. వంటగదిలో వద్దు, వంట పాత్రల్లో కలపొద్దు.

* 230 వోల్టుల వైరు అతుకులు బయటికి కనిపించకూడదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చూపించుకోండి. తడి చేతులతో ముట్టుకోవద్దు. రాత్రి నడిచేటప్పుడు పిల్లలకు, పిల్లులకు అందకుండా ఉంచండి.

* మిగిలిన లేపనాన్ని పచ్చిగా మోరీలోనో చెరువులోనో పారెయ్యకండి. రేకు మీదే గట్టిపడనిచ్చి చెత్తలో వెయ్యండి. కార్ఖానాల నీళ్ళు కలిసిన చెరువులు ఏమయ్యాయో జీడిమెట్ల వాళ్ళకు చెప్పక్కర్లేదు. చేపను పట్టే కర్ర కోసం చేప బతికే నీళ్ళు పాడుచెయ్యొద్దు.

* గాజుపొడి పూసిన పతంగి మాంజా చుట్టకండి. కుట్టుపనికి వాడే సన్నటి నైలాన్ దారం చాలు.

మేడ్చల్ రైతు ఇప్పుడు ఏమంటున్నాడు?

ఆయన ఇంట్లోనూ ఇలాంటి యంత్రం పెట్టుకున్నాం. మొదటి రాత్రి ఆయన నిద్రపోలేదు. గంటకోసారి లేచి టార్చి వేసి చూశాడు. తెల్లారి ఫోన్ చేసి, "సారూ, గాజు గాజోలె వచ్చింది. ఒక్క బొట్టు కారలే" అన్నాడు. ఆ కర్ర ఎవరిదో కాదు, ఆయన తోట గట్టు మీది వెదురే. దానికి నాలుగు పాత రింగులు కట్టి తిప్పాడు. రెండోదీ వెదురే. మూడోసారి కానీ పరాయి కర్ర ముట్టుకోలేదు.

మీరూ అదే చెయ్యండి. ముందు గట్టు మీది వెదురు మీద చెయ్యి తిరగనివ్వండి. అది పాడైతే పొయ్యిలోకి పోతుంది. పరాయివాడి కర్ర పాడైతే మన టమాటా పైసలు పోతాయి.